మైకుగారి అరగంట

ఆ రోజు పొద్దున్నే మైకుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. షాపు తెరవాలి. హోటల్ కర్టెన్ల బట్ట పరిపించాలి. టీ తాగాక కత్తిరింపు మొదలుపెట్టించాలి. సాయంత్రానికల్లా మొదటి అంతస్తు కర్టెన్లు కుట్టించి హోటల్‌వాళ్ళ చేతుల్లో పెట్టాలి. మధ్యలో పనివాళ్ళు టీ తాగే అరగంటసేపు మాత్రం తాను నోరు మూసుకుని కూర్చోవాలి. మిగతా పనులన్నీ ఆయనకు కొట్టిన పిండే. ప్రాణం మీదికి తెచ్చింది ఆ చివరిదే.

మైకు అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు, షాపులో పనిచేసేవాళ్ళు పెట్టింది. ఎదురుగా సార్ అంటారు, అవతలికి వెళ్ళాక మైకుగారంటారు. మనిషి బంగారం. ఎవరి మీదా కోపం మనసులో దాచుకునే రకం కాదు. అసలు మనసులో ఏదైనా దాచుకుంటేగా! తోచింది తోచినట్టు గొంతులోంచి ఊడిపడాల్సిందే. ఆయన షాపులో ఉన్నాడో లేడో తెలుసుకోవడానికి వీధి మలుపు తిరిగితే చాలు, లోపలికి రానక్కరలేదు.

ఒకటో తారీఖు నుంచి కొత్త వేతన చట్టం అమల్లోకి వస్తోంది. దానికి యజమానులను సిద్ధం చేయాలని వాళ్ళ సంఘం ఒక సదస్సు పెట్టింది. మైకుగారు వెళ్ళి మొదటి వరసలో కూర్చున్నారు. కనీస వేతనం ఎంత పెరిగిందో వక్త ఇంకా చెప్పనే లేదు, ఈయన లేచి ఒకదాని మీద ఒకటి ప్రశ్నలు గుప్పించారు. పాపం ఆ వక్త మంచినీళ్ళు తాగుదామని ఆగినవాడు మళ్ళీ మొదలుపెట్టలేకపోయాడు. సందు దొరికింది కదా అని మైకుగారు అసలైన మైకే అందుకుని, "ఒకటో తారీఖు దాకా ఆగడమెందుకండీ? మా షాపులో వచ్చే సోమవారం నుంచే అమలు! ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు!" అని ప్రకటించేశారు. చప్పట్లు మోగిపోయాయి. భోజనాల వేళ సంఘం కార్యదర్శి వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకుని, "సార్, మధ్యాహ్నం పూట మేడంగారిని పంపిస్తే బాగుంటుందేమో" అని బతిమాలుకున్నాడు.

అలా చట్టంలో అసలు సంగతులన్నీ ఇల్లాలి చెవిన పడ్డాయి. ఆవిడ షాపులో లెక్కలు చూస్తుంది. మాట్లాడితే ముత్యం రాలిందా అన్నట్టు ఉంటుంది. ఇంటికొచ్చి, చెప్పులు విడిచి, మంచినీళ్ళు తాగి, తీరిగ్గా చెప్పింది.

"జీతాలు పెంచడం సరే, దానికేం, పెంచుదాం. ఓవర్‌టైమ్‌కి రెట్టింపు ఇవ్వాలి, అదీ సరే. టీ విరామం సంగతి మాత్రం కొంచెం ఉంది."

"టీయే కదా! ఇస్తూనే ఉన్నాంగా?"

"అరగంట ఇవ్వాలిట. ఆ అరగంటలో యజమాని పని గురించి ఏమన్నా అడిగినా, పిలిచినా, పని చేయించినా, అది విరామం కింద లెక్క కాదట. పనికిందే లెక్క. జీతం ఇవ్వాలి, విరామం మళ్ళీ మొదటినుంచి ఇవ్వాలి. అది పూర్తయ్యేదాకా ఎవరినీ పనిలో పెట్టకూడదు."

"ఒక్క మాట అడిగినా?"

"ఒక్క మాటే అడిగినా."

"కత్తెరెక్కడుందని అడిగినా?"

"కత్తెరెక్కడుందని అడిగినా."

మైకుగారు జీవితంలో మొదటిసారి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అదెంత పని!" అన్నారు కానీ ఆ గొంతులో పస లేదు.

ఈ సంగతి తోడల్లుడికి తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. తోడల్లుడంటే ఇల్లాలి చెల్లెలి మొగుడు. అతనిదీ కర్టెన్ల షాపే, పక్క వీధిలోనే. అతను విని పొట్ట పట్టుకుని నవ్వాడు. "అన్నయ్యా, నువ్వు? అరగంట? నోరు మూసుకుని? అదే గనక జరిగితే మా షాపు మూటలు నెత్తిన పెట్టుకుని నడిచొచ్చి మీ గుమ్మంలో దించుతా!" అని చుట్టాలందరి ముందూ పందెం కాశాడు. తన షాపు సంగతి అడిగితే, "చట్టం వచ్చినప్పుడు చూద్దాంలే" అన్నాడు.

నవ్వులాటగా ఉండాల్సింది నవ్వులాటగా లేకుండా చేసింది కొత్త హోటల్. కొత్తగా కట్టిన ఆ హోటల్‌వాళ్ళు మొదటి కర్టెన్ల పని ఇద్దరు తోడల్లుళ్ళకూ చెరిసగం పంచారు. ఎవరి పని నచ్చితే వాళ్ళకే ఏడాది పొడుగునా పనంతా. మైకుగారి షాపులో పనిచేసేది ముగ్గురు. బట్ట కత్తిరించే ఆవిడను అందరూ కటింగ్ అక్క అంటారు, ఆవిడకన్నా పెద్దవాడైన మైకుగారితో సహా. ఇస్త్రీ చేసే పెద్దాయన ఇస్త్రీ తాత. మిషన్ కుట్టే అతను జిప్పు. పెదాలు జిప్పు వేసినట్టు బిగించి ఉంటాడని ఆ పేరు. కొత్త జీతాలు ఈ ముగ్గురికీ ఇవ్వాలంటే చేతినిండా పని ఉండాలి. ఈ హోటల్ పని చేజారితే ఒకరిని మానిపించక తప్పదు. ఎవరిని అని ఆలోచన మొదలుపెట్టిన ప్రతిసారీ మైకుగారు ఆ ఆలోచన అక్కడే ఆపేసేవారు.

సోమవారం రానే వచ్చింది. పొద్దున్నే తానులు విప్పి, కొత్త బట్టను పొడవాటి బల్ల మీద పరిచారు. చుట్టలో బిగుసుకుపోయిన బట్ట కాసేపు పరిచి ఉంచితేగానీ సర్దుకోదు, సర్దుకోకుండా కత్తెర పెడితే తర్వాత కురచవుతుంది. సుద్దతో గీతలు గీశారు. ఇక టీ తాగి రావడం, కత్తెర పట్టడం. ఇల్లాలు చిన్న గంట మోగించింది. అలారం గడియారం అరగంటకు పెట్టి బల్ల మీద ఉంచింది. ముగ్గురూ వీధివైపు కిటికీ పక్కనున్న బెంచీ మీద వరసగా, ఫొటోకి కూర్చున్నట్టు కూర్చున్నారు.

"టీ బాగుందా?" అన్నారు మైకుగారు.

ఇల్లాలు గడియారం వైపు చూసి తల ఊపింది. అది పని మాట కాదు, పరవాలేదు.

"ఎండ అప్పుడే మండిపోతోంది."

అదీ పరవాలేదు.

"పాపకి జ్వరం తగ్గిందా అక్కా?"

"తగ్గింది సార్."

"హమ్మయ్య. ఆ రెండో తానులో పోగు లేచినచోట గుర్తు పెట్టావుగా?"

"పెట్టాను సార్."

ఇల్లాలు గడియారం అందుకుని ముల్లు వెనక్కి తిప్పింది.

"అదేంటి? ఎందుకు తిప్పావ్?"

"పని గురించి అడిగారు."

"నేనా? ఎప్పుడు?" అన్నారు మైకుగారు. నటన కాదు, నిజంగానే ఆయనకు తెలియలేదు. "ఏం అక్కా, నేనేమైనా అడిగానా?"

"పోగు సంగతి అడిగారు సార్," అంది అక్క ఇబ్బందిగా.

"సరే, సరే. పొరపాటు. మళ్ళీ మొదలుపెట్టండి."

ఈసారి ఆయన వాళ్ళకు వీపు పెట్టి, గోడవైపు తిరిగి కూర్చున్నారు. అందులో తెలివి ఉంది, మనుషులు కనిపించకపోతే మాట పుట్టదని. మాట పుట్టలేదు కానీ చేతులు ఊరుకోలేదు. లేచి టేపు కోసం వెతకడం మొదలుపెట్టారు. సొరుగు లాగారు, తానుల వెనక చూశారు, కుర్చీ ఎత్తి చూశారు. దొరకలేదు. రెండు చేతులూ చాచి గాలిలోనే కిటికీ వెడల్పు కొలిచి చూసుకున్నారు. ఎన్నో ఏళ్ళుగా ఆ చేతుల భాష చదివి చదివి అలవాటైన అక్క, టీ గ్లాసు పక్కన పెట్టి, లేచి వచ్చి, మెడలో వేలాడుతున్న టేపు తీసి ఆయన చేతిలో పెట్టింది.

"బతికించావక్కా! ఆ మూల ఒకసారి పట్టుకో, కొలిచేద్దాం."

పట్టుకుంది. కొలిచారు. టేపు చుట్టేటప్పుడు గానీ ఇద్దరికీ తెలివి రాలేదు. వెనక గడియారం ముల్లు తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

"మేడం, నాదే తప్పు," అంది అక్క.

"నీది కాదు. విరామంలో నీకు తప్పులు లేవు," అంది ఇల్లాలు.

టీ చల్లారిపోయిందని మళ్ళీ కాచింది. ఈసారి మైకుగారు పట్టుదల మీదికి వచ్చారు. కుట్టుపని చేసేవాళ్ళు గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుంటారు, అప్పుడు మాట్లాడమన్నా మాట్లాడలేరు. ఆయన డబ్బా తెరిచి గుప్పెడు సూదులు తీసి మూతి నిండా అమర్చుకుని, చేతులు కట్టుకుని, ముని లాగా కూర్చున్నారు. ఇల్లాలు ముసిముసిగా నవ్వుకుంది. కాలం నడిచింది. తాత టీ ఊదుకుంటూ తాగుతున్నాడు. అంతా సజావుగా సాగిపోతోంది.

అప్పుడు ఫోన్ మోగింది. తీస్తే హోటల్ మేనేజర్.

"సార్, షాపులోనే ఉన్నారా?"

"ఊఁ," అన్నారు మైకుగారు సూదుల మధ్యనుంచి.

"మీతో ఒక ముఖ్యమైన విషయం మాట్లాడాలి సార్."

"ఊఁ."

"ఫోన్‌లో చెప్పేది కాదు. నేనే వస్తున్నాను, మధ్యాహ్నానికల్లా. ఏమనుకోకండి సార్."

"ఊఁ."

ఫోన్ పెట్టేశాక గానీ ఆ మాటలు మైకుగారి బుర్రలోకి దిగలేదు. మేనేజర్ వస్తున్నాడు. పని ఎంతవరకు వచ్చిందో చూడటానికే, ఇంకెందుకు! ఇక్కడ చూస్తే బట్ట మీద సుద్ద గీతలు తప్ప ఏమీ లేవు.

"లేవండి! లేవండి! మేనేజరొస్తున్నాడు!"

ఆ అరుపుకి సూదులన్నీ వానలా ఎగిరి నేలంతా చిందాయి. జిప్పు మిషన్ దగ్గరికి పరుగెత్తబోయి ఒంటికాలి మీద ఆగిపోయాడు, నేల మీద ఎక్కడ చూసినా సూదులే. తాత స్విచ్చి వేసి ఇస్త్రీపెట్టె అందుకున్నవాడు సూదుల హడావుడిలో దాన్ని బల్ల మీద ఎలా పడితే అలా వదిలేశాడు. ఇక నలుగురూ మోకాళ్ళ మీద కూర్చుని, అయస్కాంతం పట్టుకుని, బెంచీ కింద, మిషన్ల కింద, తానుల సందుల్లో సూదులు ఏరడం మొదలుపెట్టారు. ఒక్కటి మిగిలినా పరదాలోకి వెళ్ళిపోతుంది, హోటల్‌లో ఎవరికో గుచ్చుకుంటుంది.

"ఇది పనే," అంది ఇల్లాలు, ఆఖరి సూది డబ్బాలో పడ్డాక.

"తెలుసులే!" అన్నారు మైకుగారు ఏడుపు గొంతుతో. "ఒసే, ఇది రిహార్సలేగా? రేపు చేద్దాం. ఈ ఒక్క రోజుకీ వదిలెయ్యవే!"

"వదిలేద్దాం, దానికేం! సంఘంలో మైకు పట్టుకుని చెప్పింది నేనా? కాకపోతే మా మరిదికి ఫోన్ చేసి ఓడిపోయానని మీరే చెప్పుకోవాలి."

మైకుగారు పళ్ళు కొరుక్కున్నారు. "గంట కొట్టు," అన్నారు.

ఈపాటికి కూర్చోవడం కూడా కష్టమైపోయింది ఆ ముగ్గురికి. "సార్, ఒక్కసారి ఓర్చుకోండి సార్," అని బతిమాలింది అక్క. "కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది. ఇన్ని టీలు ఎప్పుడూ తాగలేదు. కత్తెర పట్టుకోకపోతే చెయ్యి దురదగా ఉంది."

తాత కూడా, "నిలబడి ఇస్త్రీ చేయడం హాయి సార్, ఈ విశ్రాంతి నావల్ల కావట్లేదు," అన్నాడు.

తను షాపులో ఉంటే ఇది అయ్యేది కాదని మైకుగారు వీధి మెట్టు మీదికి వెళ్ళి కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే తోడల్లుడు స్కూటర్ మీద వచ్చి కాలు ఆనించాడు.

"ఏంటన్నయ్యా, బయట కూర్చున్నావ్? లోపల చప్పుడే లేదు! మాది చూడు, తెల్లారకముందే పనివాళ్ళను రప్పించి మొత్తం కత్తిరించేశాం. టీ కూడా మిషన్ల దగ్గరికే. సాయంత్రానికి మా పని హోటల్‌లో వేలాడుతుంటుంది. నువ్వు వచ్చి చూద్దువుగానీ!"

మైకుగారికి ఒళ్ళు మండిపోయింది. నోటి చివరిదాకా వచ్చిన మాటలు అన్నీ ఇన్నీ కావు. కానీ ఆయన అరిస్తే లోపలికి వినబడుతుంది, లోపలికి వినబడితే అందులో ఏ మాట పని మాటగా తేలుతుందో ఎవరికి తెలుసు! బుగ్గలు ఉబ్బించి, కళ్ళు మూసుకుని, చెయ్యి ఊపి పొమ్మన్నారు. తోడల్లుడు, "అబ్బో, ప్రాక్టీసు జోరుగా సాగుతోంది!" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

కళ్ళు తెరిచేసరికి కిటికీలోంచి సన్నటి పొగ. లోపల మూలబల్ల మీద, తాత వదిలేసిన ఇస్త్రీపెట్టె కింద పాత గుడ్డ మాడుతోంది. బెంచీ మీదివాళ్ళకు అది వెనక పక్క, వాళ్ళింకా చూడలేదు. ఇల్లాలు లెక్కల్లో తల దూర్చి ఉంది. అరవాలా? అరిస్తే విరామం పోయింది. మైకుగారు పిల్లిలా మునివేళ్ళ మీద లోపలికి వెళ్ళారు. ప్లగ్గు పీకితే సరిపోయేది. ఆ సంగతి ఆ క్షణంలో ఎవరికి తడుతుంది? నీళ్ళ బకెట్ ఎత్తి మొత్తం కుమ్మరించారు.

ఢామ్మని పేలింది. ఫ్యాన్లు ఆగాయి, దీపాలు ఆరాయి. పొగ మాత్రం అణిగింది. బట్ట మీద ఒక్క చుక్క పడలేదు, అదొక్కటే అదృష్టం. ముగ్గురూ ఉలిక్కిపడి లేవబోతే, మైకుగారే రెండు చేతులూ అడ్డం పెట్టి కూర్చోమని సైగ చేశారు. తాత నోరు తెరవబోతే వేలు పెదాల మీద పెట్టి తానే బుజ్జగించారు. ఇల్లాలు గడియారం మీద చెయ్యి పెట్టిందే కానీ తిప్పలేదు. "మీరు కూర్చోమన్నారు. లెమ్మనలేదు," అంది మెచ్చుకోలుగా.

ఆ మెచ్చుకోలే కొంప ముంచింది. మైకుగారు పొంగిపోయి, స్టూలు ఎక్కి, ఫ్యూజు పెట్టె తెరిచారు. తీగ పీకారు, కొత్త తీగ చుట్టారు. మూల చీకటిగా ఉంది. ఇంకొక్క మెలిక వేస్తే అయిపోతుంది. ఆయన చెయ్యి వెనక్కి చాచి, అత్యంత సహజంగా, "తాతా, టార్చి!" అన్నారు.

తాత టార్చి అందించాడు. దీపాలు వెలిగాయి. అలారం మోగడానికి ఎంతోసేపు లేదు. ఇల్లాలు నిట్టూర్చి ముల్లు వెనక్కి తిప్పింది.

మైకుగారు స్టూలు దిగి, బయటికి వెళ్ళి, మెట్టు మీద తల పట్టుకుని కూర్చున్నారు. ఇక అయిపోయింది. మేనేజర్ వస్తాడు, చూస్తాడు, వెళ్ళిపోతాడు. హోటల్ పని తోడల్లుడిది. ముగ్గురిలో ఒకరికి తన నోటితోనే మానేయమని చెప్పాలి. ఇంత పెద్ద గొంతు పెట్టుకుని ఆ చిన్న మాట ఎలా పెగుల్చుకోవాలి? ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ దిగులులో మాట్లాడాలన్న సంగతే మరిచిపోయారు.

లోపలినుంచి నవ్వులు వినిపించాయి. ఎవరో కథ చెబుతున్నారు. ఒక పెళ్ళికొడుకు కోటు కుట్టించుకోవడానికి వచ్చి తన కొలతలకు బదులు తమ్ముడి కొలతలు ఇచ్చి వెళ్ళిన కథ. చెప్పే తీరు ఎంత బాగుందంటే అక్క పగలబడి నవ్వుతోంది, తాతకు దగ్గు ముంచుకొచ్చింది. ఈ గొంతు ఎవరిది? మైకుగారు మెల్లగా లేచి కిటికీలోంచి చూశారు. జిప్పు! తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాడు, ఒక్కనాడూ రెండు మాటలు కలిపి మాట్లాడగా విన్నది లేదు. మాటలు రానివాడేమో అనుకున్నారు ఇన్నాళ్ళూ. మాట్లాడటానికి తాను సందు ఇస్తేగా! తాత వంక చూస్తే, గ్లాసు రెండు చేతుల మధ్య పట్టుకుని, వేడివేడిగా, ఒక్కో గుక్కా ఆస్వాదిస్తూ తాగుతున్నాడు. ఎప్పుడూ నిలబడి ఒక్క గుటకలో మింగేసేవాడు, ఏ క్షణాన కేక వస్తుందో అని. మైకుగారికి సిగ్గేసింది. వచ్చి మళ్ళీ మెట్టు మీద కూర్చున్నారు.

మేనేజర్ కారు దిగాడు. ముఖం పాలిపోయి ఉంది, టై వదులైపోయి ఉంది. మైకుగారు లేచి నమస్కారం పెట్టి, లోపలికి వినబడకూడదని గుసగుసగా, "రండి సార్," అన్నారు.

ఆయన గుసగుసగా మాట్లాడటం మేనేజర్ ఏనాడూ వినలేదు. కోపం నెత్తికెక్కితే ఇలా అవుతాడేమో అని హడలిపోయాడు. "సార్, తిట్టండి, పరవాలేదు. ముందు ఒక్కటి చెప్పండి. బట్ట కత్తిరించేశారా?"

మైకుగారు తల దించుకున్నారు. "లేదు సార్. ఒక్క ముక్క కూడా కాలేదు. క్షమించాలి."

మేనేజర్ ఆయన చేతులు రెండూ పట్టుకుని అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. "మీరు మనిషి కాదు సార్, దేవుడు! మేమిచ్చిన కొలతలు తప్పు. అవి ప్లానులోవి. తీరా కిటికీలు పెట్టేటప్పుడు మూరెడు ఎత్తు పెంచారు, ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. పొద్దున చూస్తే కాళ్ళు చల్లబడ్డాయి. ఈ రంగు ప్రత్యేకంగా అద్దించిన బట్ట, మళ్ళీ కావాలంటే నెలలు పడుతుంది. ఫోన్‌లో అడుగుదామనుకున్నాను. మీరు ఊఁ ఊఁ అంటుంటే భయమేసి అడగలేకపోయాను. మీ తోడల్లుడిగారిని అడిగితే 'తెల్లారకముందే మొత్తం కత్తిరించేశాం సార్' అని ఎంత సంబరంగా చెప్పారో! అన్నీ మూరెడు కురచ!"

మైకుగారికి మాట రాలేదు. ఈసారి ఆపుకుంటే కాదు, నిజంగానే రాలేదు.

మేనేజర్ కిటికీలోంచి లోపలికి చూశాడు. నీటుగా పరిచిన బట్ట, బెంచీ మీద నిశ్చింతగా టీ తాగుతున్న పనివాళ్ళు. "చూడండి, ఎంత నిదానం! హడావుడి లేదు, అరుపుల్లేవు. మాకిలాంటి షాపే కావాలి సార్. అన్ని అంతస్తుల పనీ మీదే, ఏడాదంతా మీదే. ఆ కురచ ముక్కలకు కూడా మిగిలే బట్టతో మీరే అంచు వేసి పొడుగు చేయాలి. గడువు గురువారం దాకా పెంచుతున్నాను. తొందరపడకండి, మీ పద్ధతిలోనే కానివ్వండి." సరైన కొలతలు ఆయనకు చెప్పి, కారెక్కి వెళ్ళిపోయాడు.

కారు మలుపు తిరిగిందో లేదో మైకుగారు మెట్టు మీద చిన్నపిల్లాడిలా ఎగిరి గంతేశారు. ముగ్గురికీ పని ఉంది! ఎవరినీ మానిపించక్కరలేదు! ఛాతీ నిండా గాలి పీల్చి, ఊరంతా వినబడేలా కేక వేయడానికి గుమ్మంలోకి దూకారు.

గుమ్మం ఎదురుగా ఇల్లాలు. గడియారం ఎత్తి చూపించింది. ఇంకా సగం కూడా కాలేదు.

పీల్చిన గాలి పీల్చినట్టే ఉంది ఆయనలో. ముఖం ఎర్రబడింది, మీసం అదిరింది, చెయ్యి గుమ్మం కొయ్యను బిగించి పట్టుకుంది. జీవితంలో ఇంత గొప్ప వార్త ఆయన నోటికి ఎప్పుడూ అందలేదు. అది గొంతులో నిలబడి గింజుకుంటోంది. తాత చేతిలో గ్లాసు కనిపించింది. ఇంకా ఆవిరి వస్తోంది. మైకుగారు నెమ్మదిగా, చాలా నెమ్మదిగా గాలి వదిలేసి, వెనక్కి నడిచి, మెట్టు మీద కూర్చున్నారు. ఇల్లాలు ఆయన వీపు వంక చూసి, కొంగుతో కళ్ళొత్తుకుంది.

కాసేపటికి వీధి చివర ఒక మూట నడిచి వస్తూ కనిపించింది. దగ్గరికొస్తే దాని కింద తోడల్లుడు. స్కూటర్ మీద పట్టేంత చిన్న మూట కాదది. హోటల్‌వాళ్ళు తక్షణం ఇక్కడికి చేర్చమన్నారట. కురచ కర్టెన్లన్నీ నెత్తిన పెట్టుకుని, చెమటలు కక్కుకుంటూ వచ్చి, మెట్ల దగ్గర దించాడు.

"అన్నయ్యా, కొంప మునిగింది. నువ్వే కాపాడాలి," అన్నాడు.

మైకుగారు వేలు పెదాల మీద పెట్టుకున్నారు.

"పందెం సంగతి ఎత్తకు, నీకు దండం పెడతా. ఏదో ఒకటి అను. తిట్టు, పోనీ."

మైకుగారు మెట్టు మీద పక్కకు జరిగి, చోటు చూపించి, కూర్చోమని సైగ చేశారు.

"ఒంట్లో బాగుందా అన్నయ్యా?" అని భయపడి, తోడల్లుడు కూర్చున్నాడు. ఇద్దరూ మూటకు రెండు పక్కలా, ఎండలో, నోరు మెదపకుండా కూర్చున్నారు. దారినపోయేవాళ్ళు ఆగి చూసి, మైకుగారింట్లో ఎవరికైనా ఏమైనా అయిందా అని ఒకరినొకరు అడుగుతూ వెళ్ళారు.

అలారం మోగింది. అరగంట! నిండు అరగంట! మైకుగారు బాణంలా లోపలికి దూసుకెళ్ళి, "వినండి! హోటల్ పనంతా..." అనేలోపే అక్క బట్ట మీది సుద్ద గీతలు దులిపేసి, కత్తెర చేత పట్టుకుని నిలబడి ఉంది.

"కొత్త కొలతలు చెప్పండి సార్."

"మీకెలా తెలుసు?"

"కిటికీ తెరిచే ఉంది సార్," అన్నాడు జిప్పు. "అన్నీ విన్నాం. మాకూ గంతెయ్యాలనే ఉంది. విరామంలో పని మాటలెందుకని ఊరుకున్నాం."

అంతే, మైకుగారి కేక ఆగలేదు. అక్క ఈల వేసింది, తాత జిప్పును ఎత్తబోయి నడుం పట్టుకున్నాడు, మూట మోసుకుంటూ వెనకాలే వచ్చిన తోడల్లుడు కూడా గుమ్మంలో నిలబడి నవ్వేశాడు. కత్తెర బట్టలోకి దిగింది, మిషన్ పరుగందుకుంది. సాయంత్రం ఒక్క నిమిషం ఓవర్‌టైమ్ లేకుండా, వేళకే షాపు కట్టేశారు.

తాళం వేస్తూ మైకుగారు, మెట్టు మీద తాను నోరు మూసుకున్న ఆ అరగంటను ఓవర్‌టైమ్ కింద రాయమని అడిగారు. కొత్త చట్టంలో యజమానులకు ఆ సదుపాయం లేదని ఇల్లాలు చెప్పింది.